ఏడో ప్రశ్న

చెంగాళి ఉదయం నుంచి నూట నలభై కాళ్ళు విన్నది. ఇంకా నూట డెబ్బై రెండు మిగిలాయి.

వినికిడి గదిలో ఆమె కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. చెవులకు మెత్తటి గిన్నెలు తగిలించుకుని, తెర మీదికి ఒక్కో అడుగుపటం వస్తుంటే వింటూ పోవాలి. లోహపు కాలును తొడ ఎముకకు పట్టి ఉంచే ఎముకమొల బిగువుగా ఉంటే ఆ కాలి అడుగు ఇత్తడి బిందెను వేలి కణుపుతో తట్టినట్టు ఉంటుంది. వదులైన కాలు పగుళ్ళు పట్టిన కుండలా పలుకుతుంది. ఆ తేడా పట్టడానికి యంత్రం ఉంది, దాని మీద ఒక మనిషి చెవి కూడా ఉండాలని నియమం ఉంది. అడుగు కాని చప్పుడంతా, పక్కవాళ్ళ నడక, బండ్లు, రోకటి పోట్లు, వాన, అంతా మట్టి అనే గడిలోకి తోసెయ్యాలి. ఆ గడి ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి ఖాళీ అవుతుంది. మట్టిని ఎవరూ వినరు.

చెంగాళికి ఈ పని ఇష్టం. ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడక్కర్లేదు. పైగా తనకూ కుడికాలు తొడ సగం దాకానే ఉంది కాబట్టి, ఆ అడుగుల వెనక ఉన్న మనుషులు ఆమెకు తెలిసినవాళ్ళలాగే అనిపిస్తారు. పన్నెండో ఏట కాలు పోయింది. పద్దెనిమిది నిండి ఎముక పెరగడం ఆగాక మొల దింపారు. మొదట తూకం బల్ల మీద ఇరవై కిలోల బరువు మాత్రమే మోపి నిలబడింది. వారానికి ఐదు కిలోలు పెంచుకుంటూ పోయి, చివరికి ఒళ్ళంతటి బరువూ ఆ మొల మీద మోపగలిగింది. కాలు తగిలించిన మూడో రోజే మౌనపొర వేయించుకుంది. అప్పటినుంచి ఐదేళ్ళుగా ఆ కాలు ఉన్నట్టే ఆమెకు తెలియదు.

అందుకే ఈ కేంద్రానికి ఆమె ఒరవడి మనిషి. బడిలో పంతులమ్మ పలక మీద మొదటి వరస రాసిస్తే పిల్లలు దాని కింద దిద్దుతారు కదా, అలా చెంగాళి క్షేమపత్రం, అంటే కొత్త కాలుతో ఎంత సుఖంగా ఉందో చెప్పే ప్రశ్నల పత్రం, అన్ని పత్రాల పైనా ఉంటుంది. మిగిలినవాళ్ళ క్షేమాంకాలు ఆ వరసతో పోల్చి కడతారు. ఆమెది నూటికి తొంభైనాలుగు. ఐదేళ్ళలో ఆ పత్రంలో ఒక్క అంకె కూడా మార్చలేదు.

నూట నలభై ఒకటో పటం ఎర్రగా వచ్చింది.

పోలయ్య, యాభై ఆరేళ్ళు, సాలిపాళెం. మూడు నెలలుగా క్షేమాంకం నలభైకి కింద. కూర్చున్న భంగిమలో కాలు అదురు, రోజుకు ఏడు గంటలు. మొల వదులు, లేదా మనసు కలత. ఇంటికి వెళ్ళి చూడాలి. క్షేమాంకం మారకపోతే నేటి సాయంత్రం నాలుగింటికి మౌనపొర.

పక్క గదిలో ఉన్న కేంద్రం అధికారి రెహనా మేడం కూడా అదే చూస్తోందేమో, గొంతు చెవిలోకి వచ్చింది. వెళ్ళి రమ్మంది. మొల గట్టిగా ఉంటే ఇంక చూడాల్సిందేమీ లేదని, పొర పడితే ఆయనకూ నిమ్మళంగా ఉంటుందని అంది. "ఏడు గంటలు వణుకుతూ కూర్చుంటున్నాడు పాపం. నీలాగా హాయిగా ఉండనీ."

చెంగాళి సుత్తి, తాళంచెవి, చెవిగిన్నెలు, పత్రాలు నింపే పలక సంచిలో వేసుకుంది. బయటికి వచ్చేటప్పుడు అద్దాల బీరువా దాటాలి. అందులో పాతకాలపు తొడుగుకాళ్ళు నిలబెట్టి ఉంటాయి. వాటిని తొడకు బిగించుకుంటే చెమటకు చర్మం ఒరిసి పుండ్లు పడేవి. కూర్చుంటే అంచు గజ్జల్లో గుచ్చుకునేది. ఆ రోజుల్లో క్షేమపత్రం రాసిన డాక్టర్లు పదకొండు ప్రశ్నలు పెట్టారు. ఏడో ప్రశ్న: రోజులో ఎంతసేపు మీకు కాలు గుర్తుకొస్తుంది? గుర్తుకు రావడమంటే అప్పట్లో నొప్పే. అందుకే సున్నా నుంచి పది దాకా వేసే జవాబులో సున్నాకు ఎక్కువ విలువ, పదికి ఏమీ లేదు. తొడుగుకాళ్ళు బీరువాలోకి వెళ్ళిపోయాయి, ప్రశ్న మాత్రం పత్రంలోనే ఉంది.

బండి ఆమెను కాలవ కట్ట దగ్గర దింపింది. సాలిపాళెం అక్కడికి పది నిమిషాల నడక. చెంగాళి తల వంచుకుని నడుస్తుంది. సిగ్గువల్ల అనుకుంటారు, అదీ కొంత నిజమే. కానీ కుడికాలు కింద ఇసుక ఉందో సిమెంటు ఉందో కళ్ళతో చూస్తే తప్ప ఆమెకు తెలియదు. మౌనపొర మోకాలిలో పలచటి జిగురులా ఉంటుంది. అది గట్టిపడితే నేల నుంచి వచ్చే అదురు మొల దాకా చేరదు.

పొర లేని మొదటి రెండు రోజులు ఆమెకు ఇంకా గుర్తున్నాయి. మంచం కోడుకు కాలు ఆనితే చాలు, ఆసుపత్రి అంతా తొడ ఎముకలోకి వచ్చినట్టు ఉండేది. చక్రాల బల్లలు, ఎవరివో చెప్పులు, కింది అంతస్తులో తలుపు వేసిన దెబ్బ. అది చెవితో వినడం కాదు, అలాగని తాకడమూ కాదు. నేలవినికి అంటారు దాన్ని. ఆమె దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మూడో రోజు పొర వేసి, ఇక భయం లేదన్నారు. నిజంగానే భయం పోయింది.

పోలయ్య ఇంట్లో ముందుగదే మగ్గం గది. ఆయన మగ్గం కింది గుంట అంచున కూర్చుని, రెండు కాళ్ళూ గుంటలోకి దించి నేస్తున్నాడు. పడుగుగా కట్టిన సన్నటి లేతాకుపచ్చ నూలు గది ఆ చివరి దాకా సాగి ఉంది. భార్య రాగమ్మ గోడ వార రాట్నం ముందు కండెలు చుడుతోంది. చెంగాళిని చూసి పీట వేసి, మజ్జిగ ఇచ్చి, ఎవరమ్మాయివని, ఏ ఊరని, అన్నం తిన్నావా అని అడిగింది. కాలు చూసి, నీకూ ఉండాదా అని ఒక్క క్షణం ఆగి, ఇంకో లోటా మజ్జిగ పోసింది.

చెంగాళికి అదురు ఏమిటో గడప దగ్గరే అర్థమైంది. గుంటలో ఆయన కాళ్ళ కింద రెండు తొక్కుడు చెక్కలున్నాయి. ఎడమ చెక్క మీద సొంతకాలు, కుడి చెక్క మీద లోహపు కాలు. ఒకటి దిగితే ఒకటి లేస్తోంది. కూర్చున్న మనిషి కాలు ఏడు గంటలు ఎందుకు కదులుతుందో యంత్రానికి ఎవరూ నేర్పలేదు. అందుకని దానికి అది వణుకు.

ఆమె నవ్వు ఆపుకుని పని మొదలుపెట్టింది. మొల బయటికి వచ్చే చోట చర్మద్వారం పొడిగా, శుభ్రంగా ఉంది. రోజూ పొద్దున్నే ఉప్పునీళ్ళతో తనే కడుగుతానని రాగమ్మ చెప్పింది. సుత్తితో మొల అంచున తడితే ఇత్తడి బిందె మోగింది. మొల బిగువుగా ఉంది. అదురుకు కారణం మగ్గం అని రాసింది. యంత్రం ఆ మాట తీసుకుని వదులు అనే పదం తీసేసింది. కానీ అంకె మాత్రం కదల్లేదు. ముప్పై ఎనిమిది. అది పత్రం నుంచి వచ్చిన అంకె, పత్రం మళ్ళీ అడగాలి.

పదకొండు ప్రశ్నలు అడిగింది. రోజుకు ఎంత దూరం నడుస్తారంటే మగ్గం నుంచి చేదబావి దాకా అన్నాడు. చుట్టాల ఇళ్ళకు వెళ్తారా అంటే వాళ్ళే వస్తారన్నాడు. కొత్త పనులు ఏమైనా మొదలుపెట్టారా అంటే, నలభై ఏళ్ళుగా ఇదే ఇంకా పూర్తిగా రాలేదన్నాడు. ఒక్కో జవాబుకూ అంకె కొంచెం కొంచెంగా కిందికి జారింది.

"రోజులో ఎంతసేపు మీకు కాలు గుర్తుకొస్తుంది?"

"నేసినంతసేపూ."

"నొప్పిగా ఉంటుందా?"

"నొప్పెందుకమ్మా. పని చేసే కాలు గుర్తు లేకుండా ఎట్టుంటాది? మరిచిపోతే పోగు తెగతది." ఆయన చిన్నగా నవ్వాడు. "పదే వేసుకో."

చెంగాళి పది వేసింది. అంకె ముప్పై ఒకటికి పడింది. గోడ మీద గడియారం మూడు కావస్తోంది.

ఇక చెప్పక తప్పలేదు. నేల చూస్తూ చెప్పింది. నాలుగింటికి కేంద్రం నుంచి ఆదేశం వస్తుందని, మోకాలిలో పొర గట్టిపడుతుందని, నొప్పేమీ ఉండదని. పొర వేశాక ఆరు నెలల దాకా దాన్ని తీసే తాళంచెవి తిరగదని కూడా చెప్పింది. ఆరు వారాలు వినకపోతే ఎముక వినడం మానేస్తుందని పుస్తకంలో ఉందని చివర్న చెప్పింది.

రాట్నం ఆగింది.

పోలయ్య లోహపు పాదాన్ని చెక్క మీంచి మెల్లగా తీసి, మళ్ళీ ఆనించాడు. "నన్నడగరా?"

"ఈ పదకొండు ప్రశ్నలే అండీ అడిగేది."

ఆయన కోపగించుకోలేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా అనిపించింది. లారీ దెబ్బకు కాలు పోయాక నాలుగేళ్ళు తొడుగుకాలుతో ఉన్నానని, అది పెట్టుకుని గుంటలో కూర్చోలేక అరుగు మీద కండెలు చుట్టుకుంటూ కాలం గడిపానని చెప్పాడు. ఇదే గుంటలో రాగమ్మ నేస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడట. మొల దింపాక మొదటిసారి గుంటలో కాలు పెట్టిన రోజున, చెక్క కింద తాడు సడలిందని చూడకుండానే తెలిసిందట. వంగి చూస్తే నిజంగానే సడలి ఉంది. సొంతకాలు ఉన్నప్పుడు కూడా అంత బాగా తెలియలేదట.

చెంగాళి గొంతు తగ్గించి, ఏడో ప్రశ్నకు సున్నా అని చెప్పెయ్యమంది. అంకె నలభై ఐదు దాటిపోతుంది, పొర రాదు. ఇలా చెప్పడం తప్పేనని తెలిసినా చెప్పింది.

రాగమ్మ వెంటనే ఒప్పుకుంది. పోలయ్య తల అడ్డంగా ఊపాడు.

"పాపా, చీర అమ్మేటప్పుడు అబద్ధం చెప్పొచ్చేమో, నేసేటప్పుడు కుదరదు. ఒక్క పోగు అబద్ధమాడితే చీర కొస దాకా కనపడతాది. ఈ కాలు దగ్గర అట్టా చెప్పలేను."

"పెళ్ళిచూపులకొచ్చి మా ఇంట్లో నాలుగు మగ్గాలుండాయన్నాడే, అప్పుడు నోరెట్టా వచ్చిందో అడగమ్మా," అంది రాగమ్మ. ఆ మాటంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అది అమ్మకం," అన్నాడు పోలయ్య.

ఏం చెయ్యాలో తోచనప్పుడు చేసే పనే చేసింది చెంగాళి. సంచిలోంచి చెవిగిన్నెలు తీసి, తీగను ఆయన మోకాలికి తగిలించి, ఒకసారి నెయ్యమని సైగ చేసింది. కేంద్రంలో అడుగు కాని చప్పుడంతా జల్లెడ పట్టి తోసేస్తుంది. ఇక్కడ జల్లెడ లేదు.

మొదట తొక్కుడు చెక్క వినబడింది. దిగి, లేచి. దాని వెనక పన్నె పోగును తోసే దెబ్బ, పోగును అటూ ఇటూ మోసే నాడె పరుగు. కొంతసేపటికి అవి ఆమెకు అలవాటయ్యాయి. వాటి కింద ఇంకేదో ఉంది. గుంట గోడల్లోంచి, మట్టిలోంచి, చాలా లోతుగా వస్తోంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. దూరంగా తొందర తొందరగా ఒకటి, పక్కనే నిదానంగా ఒకటి, ఎక్కడో చివర్న ఆగి ఆగి ఒకటి. ఆమె కళ్ళు పెద్దవి చేసి పోలయ్య వైపు చూసింది.

"వీధి," అన్నాడాయన.

ఇరవై తొమ్మిది మగ్గాలని చెప్పాడు. తొందరపడేది మూలింటి కొత్త కోడలిది, ఇంకా చెయ్యి కుదరలేదు. నిదానంగా ఉండేది తమ్ముడిది, వాడు తిండి దగ్గరా అంతే. ఆగి ఆగి వచ్చేది పెద్ద ముసలాయనది, మధ్యలో కునుకు తీస్తాడు. "ఎదురింటి కోటమ్మది మాత్రం మూడు దినాలుగా లేదు. జొరం. ఆమెది కుంటి దెబ్బ, రెండు గట్టిగా, ఒకటి మెత్తగా. అదొకటి తక్కువైతే నోట్లో పన్ను ఊడినట్టుండాది."

నేల కింద ఒక వీధి వీధి మొత్తం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. ఈ చప్పుడు చెంగాళికి కొత్తది కాదు. మూడేళ్ళుగా రోజూ ఉదయం పోలయ్య అడుగుపటంలోంచి దీన్నే తీసి మట్టి గడిలోకి తోసింది. మూలింటి కోడలిని, కునుకు తీసే ముసలాయనను, కోటమ్మను, అందరినీ తన వేలితోనే తోసేసింది. తన దగ్గర మూడువందల పన్నెండు కాళ్ళున్నాయి. ఒక్కో కాలి కింద ఇలాంటిది ఎంతెంత ఉందో. తలచుకుంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది. అది భయం కాదు, భయానికి దగ్గరగా ఉండే ఇంకేదో. చిన్నప్పుడు మొదటిసారి దుర్భిణిలో చూసినప్పుడు, ఒక్క చుక్క అనుకున్నది వెయ్యి చుక్కలై కనిపించినప్పుడు అలా అయింది.

మూడుంపావు దాటింది.

ఆమెకు ఒరవడి గుర్తొచ్చింది. ఒరవడి మనిషి తన పత్రాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మారిస్తే, కొత్త వరస కుదిరే దాకా కేంద్రం నుంచి ఏ ఆదేశమూ వెళ్ళదు. నియమాల పుస్తకంలో చివరి పేజీలో ఉంది అది. ఇంతవరకు ఎవరూ మార్చలేదు కాబట్టి ఎవరికీ గుర్తు లేదు.

కానీ మార్చాలంటే నిజం మారాలి. ఇప్పుడే అబద్ధం చెప్పమని ఒకాయనను అడిగి, కాదనిపించుకుంది. తను మాత్రం ఎలా రాస్తుంది?

సంచిలో తాళంచెవి ఉంది. పోలయ్య కాలికి తిరగకుండా పోయే తాళంచెవే, తన కాలికి తిరుగుతుంది. ఐదేళ్ళ పొర. తన కాలికి తాను తాళంచెవి పెట్టుకోకూడదని ఎక్కడా రాసి లేదు. ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. నోట్లో దుప్పటి రుచి గుర్తొచ్చింది. పొర తీస్తే మళ్ళీ వేయడానికి ఆరు నెలలు పడుతుంది. ఈ నిశ్శబ్దం ఆమెకు ఇల్లులాంటిది. తొంభైనాలుగు అంటే ఆ ఇల్లే.

"పెద్దమ్మా, నేను కాసేపు గుంటలో కూర్చోవచ్చా?" అంది. ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె తన కోసం అడిగిన మొదటి ప్రశ్న అది.

చెవిగిన్నెలు మెడలోకి దించి, తన మోకాలి వెనక మూత తీసి, తాళంచెవి పెట్టి తిప్పింది. చలికాలపు నెయ్యి కరిగినట్టు ఏదో సడలింది. అంతే. పోలయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె కుడిపాదాన్ని గుంట అడుగున మట్టి మీద ఆనించింది.

ఏమీ లేదు.

పోలయ్య నేయడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఐదు నిమిషాలు గడిచాయి. రాగమ్మ రాట్నం తిప్పడం మానేసి చూస్తోంది. ఎముక మరిచిపోయిందేమో అనుకుంది చెంగాళి. ఆరు వారాలు ఎక్కడ, ఐదేళ్ళు ఎక్కడ. గడియారం వైపు చూసింది. ఇరవై నిమిషాలు తక్కువ నాలుగు.

కళ్ళు మళ్ళీ మూసుకునేసరికి, తొడలో ఎక్కడో, చాలా లోపల, చీమ అడుగు వేసినట్టు అయింది. ఇంకొకటి. ఊహేమో అనుకుంది. పోలయ్య కాలు దిగినప్పుడు వచ్చింది, లేచినప్పుడు పోయింది. మళ్ళీ దిగినప్పుడు వచ్చింది. ఊహ కాదు. ఒక్కో దెబ్బకూ కొంచెం కొంచెంగా పెద్దదవుతూ, బావిలో నీళ్ళు ఊరినట్టు, ఆమె ఎముకలోకి మగ్గం వచ్చి కూర్చుంది. తర్వాత దాని వెనక ఇంకొకటి. తర్వాత వీధి.

ఎముక మరిచిపోతుందని పుస్తకం రాసినవాళ్ళు, పొర తీసి చూడలేదేమో.

భయం వేసింది. పద్దెనిమిదేళ్ళప్పటి భయమే. కానీ అప్పుడు ఆ చప్పుళ్ళకు పేర్లు లేవు. ఇప్పుడు ఇది మూలింటి కోడలు, ఇది తమ్ముడు, ఇది కునుకు తీసే తాత. పేర్లు తెలిశాక భయం ఆమె దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. చెంపల మీద తడి తగిలి, తను ఏడుస్తోందని తెలిసింది.

గుంటలోంచి కాలు తీయకుండానే పలక అందుకుని తన పత్రం తెరిచింది. మొదటి ఆరు ప్రశ్నలకూ పాత జవాబులే ఉంచింది. ఏడో దాని దగ్గర ఐదేళ్ళుగా ఉన్న సున్నాను చెరిపేసి, పది వేసింది. చివరిది, పదకొండోది: మొత్తం మీద మీరు క్షేమంగా ఉన్నారా? అక్కడా పది వేసింది. ఇంతకుముందు ఆ చోట తొమ్మిది ఉండేది. ఎందుకు తొమ్మిది వేసిందో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

పంపింది.

తెర చాలాసేపు తెల్లగా ఉండిపోయింది. కాలు ఎప్పుడూ గుర్తుంటుందట, పూర్తిగా క్షేమమట. ఆ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండడం యంత్రం లెక్కలో లేదు. మూడు గంటల యాభై రెండు నిమిషాలకు ఒక వాక్యం వచ్చింది. ఒరవడి కుదరడం లేదు. మూడువందల పన్నెండు కాళ్ళకూ ఆదేశాలు నిలిపివేయబడ్డాయి. మట్టి గడి ఖాళీ చేయడం నిలిపివేయబడింది.

మెడలోని చెవిగిన్నెల్లోంచి రెహనా గొంతు వచ్చింది. కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది. అక్కడ తెరలన్నీ ఆగిపోయాయని, జిల్లా వాళ్ళు అడుగుతున్నారని, పొరపాటున పది పడి ఉంటే వెంటనే దిద్దమని అంది. కొంచెం ఆగి, మెల్లగా అడిగింది. "చెంగాళీ, అసలు నీ కాలికి ఏమైంది?"

చెంగాళి జవాబు చెప్పబోయి ఆగింది. పోలయ్య కూడా నాడె చేతిలో పట్టుకుని ఆగాడు. ఆయన చెప్పకముందే ఆమెకు తెలిసింది.

ఎదురువైపు నుంచి, వీధి దాటి, మట్టి దాటి వస్తోంది. రెండు గట్టిగా, ఒకటి మెత్తగా.

"కోటమ్మగారికి జ్వరం తగ్గినట్టుంది మేడం," అంది చెంగాళి.